మోటారు పందేలు - అభిమానుల పక్షం - వయస్సు

మనిషి అభిమానజీవి. తన ఊరిని, తన భాషను, తన గురువును అభిమానించినట్లే, తానెన్నడూ కలుసుకొనని, తన పేరైనా ఎరుగని ఒక క్రీడాకారుని కూడ అతడు అభిమానించగలడు. ఈ రెండవ రకపు అభిమానం విచిత్రమైనది. దీనికి బంధుత్వం లేదు, ప్రతిఫలం లేదు. అయినా ఆ క్రీడాకారుడు ఓడిననాడు అభిమానికి అన్నం సయించదు. అంతకంటె విచిత్రమేమనగా, ఒకరిపై ప్రేమ పుట్టిన మరుక్షణమే అతని ప్రత్యర్థిపై ద్వేషం కూడ పుట్టుకొని వస్తుంది. ఈ ప్రేమద్వేషాలు వయస్సుతోపాటు ఎట్లు మారుతాయో మోటారు పందేల ఉదాహరణతో పరిశీలించుట ఈ వ్యాసపు ఉద్దేశం.

ఈ విషయం మన నగరానికి దూరమైనది కాదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఇ ప్రపంచ పోటీ జరిగినది. విద్యుత్తుతో నడిచే కార్ల ఈ పోటీ మన దేశంలో జరగడం అదే మొదటిసారి. ఎన్.టి.ఆర్. మార్గ్, నెక్లెస్ రోడ్డు ప్రాంతాలలో సుమారు 2.8 కిలోమీటర్ల పొడవున బాట ఏర్పరచినారు. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కిన విద్యార్థి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేటలు దాటి, రైలు మారకుండానే లక్డీకాపూల్‌లో దిగి ఆ తీరానికి చేరగలడు. అంత దగ్గరకు వచ్చిన పోటీలో భారతీయ డ్రైవరు ఒక్కరూ లేరు. మహీంద్రా జట్టు మన దేశానిదే అయినా, దాని కార్లను నడిపినవారు బ్రెజిల్ దేశస్థుడైన లూకాస్ డి గ్రాసీ, బ్రిటన్ దేశస్థుడైన ఆలివర్ రోలండ్. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో జరగవలసిన రెండవ పోటీ రద్దయినది.

ఫార్ములా వన్‌లో కూడ మనకు ఇదే స్థితి. 2005లో నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్ చందోక్ ఆ రంగంలో ప్రవేశించినారు గాని, అగ్రస్థానానికి పోరాడే అవకాశం వారికి దొరకలేదు. 2011 నుండి 2013 వరకు ఢిల్లీ సమీపాన బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మూడు భారత గ్రాండ్ ప్రీ పోటీలనూ జర్మనీకి చెందిన సెబాస్టియన్ వెటెల్ గెలిచినాడు. కనుక మన అభిమాని జెండాను చూసి పక్షం తీసుకొనుటకు వీలు లేదు. తన నాయకుని తానే ఎన్నుకోవలసి ఉన్నది. దేశం, కులం, మతం, భాష ఏదీ కలియని అపరిచితుని ఎన్నుకొని, అతనికోసం తోటివారితో తగవుపడుటలో మనిషి స్వభావం స్పష్టంగా బయటపడుతుంది.

ఇట్లు ఎందుకు జరుగుతుంది? హెన్రీ టాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970 ప్రాంతంలో ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరంలో పాఠశాల బాలురపై కొన్ని ప్రయోగాలు చేసినాడు. వాటిలో ఒకదానిలో ఇద్దరు చిత్రకారుల చిత్రాలను చూపి, ఎవరికి ఏవి నచ్చినవో దానిని బట్టి విభజిస్తున్నామని చెప్పి బాలురను రెండు వర్గాలుగా చేసినాడు. ఆ బాలురకు చిత్రకళతో గాని, ఆ చిత్రకారులతో గాని చెప్పదగిన సంబంధం లేదు. అయినా డబ్బు పంచమన్నప్పుడు తమ వర్గం వారికే ఎక్కువ దక్కేటట్లు చూసినారు. పక్షం ఏర్పడుటకు పెద్ద కారణం అక్కరలేదు, ఒక గీత గీస్తే చాలును అని దీనివలన తేలినది.

1976లో అమెరికాలో రాబర్ట్ చియాల్డీని, అతని సహచరులు మరొక పరిశోధన ప్రకటించినారు. తమ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు గెలిచిన తరువాత విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయపు చిహ్నం గల దుస్తులను ఎక్కువగా ధరించినారు. జట్టు గెలిస్తే “మేము గెలిచినాం” అనుటకు, ఓడితే “వాళ్లు ఓడినారు” అనుటకు వారు మొగ్గు చూపినారు. యౌవనంలో మనిషి తానెవరో ఇంకా నిర్ణయించుకొనలేదు. ఉద్యోగం లేదు, సంపాదన లేదు, తనదని చెప్పుకొనే విజయం ఇంకా చేతికి రాలేదు. అట్టివానికి ఇతరుని విజయం అరువు తెచ్చుకొన్న ఆభరణం వంటిది. ఆ ఆభరణాన్ని లాగుకొనిపోవుటకు వచ్చినవాడు ప్రత్యర్థి. అందుచేత వాడు క్రీడాకారుడుగా కాక దొంగగా కనబడుతాడు.

జిల్లాల నుండి చదువుకు వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటున్న యువకులను చూచినవారికి ఇది కొత్త సంగతి కాదు. 2021 డిసెంబరు 12న అబుదాబిలో లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ సమానమైన పాయింట్లతో చివరి పందెంలో దిగినారు. చివరి చుట్టులో వెర్‌స్టాపెన్ ముందుకు వెళ్లి ఛాంపియన్ అయినాడు. ఆ నిర్ణయం న్యాయమా, అన్యాయమా అనే వాదం ఇప్పటికీ యువకుల నోట వింటూనే ఉన్నాం. ఒకే గదిలో ఉండి, ఒకే గిన్నెలో వండుకొని తినే మిత్రులు ఇట్టి వాదంతో మాటలు మానుకొనే ప్రమాదం ఉన్నది. హామిల్టన్‌కు గాని, వెర్‌స్టాపెన్‌కు గాని ఆ సంగతి ఎన్నటికీ తెలియదు.

మన పెద్దలకు కూడ ఈ అనుభవం కలదు. వారి కాలంలో పందెం కార్లకు బదులు వెండితెర ఉండేది. రామారావు పక్షం, నాగేశ్వరరావు పక్షం అని సినిమాహాళ్ల వద్ద రెండు వర్గాలు వాదులాడుకొనేవి. ఆ నటులిద్దరూ మాత్రం 1955లో మిస్సమ్మలోను, 1957లో మాయాబజారులోను, 1962లో గుండమ్మ కథలోను కలిసి నటించినారు. ఆనాటి అభిమానులు నేడు ఆ చిత్రాలను చూసి ఇద్దరినీ మెచ్చుకొంటారు. చిత్రం మారలేదు. చూచే కళ్లు మారినవి.

మోటారు పందేల చరిత్రలో ఈ మార్పుకు ప్రసిద్ధమైన ఉదాహరణ అయిర్టన్ సెనా, అలెన్ ప్రాస్ట్‌ల వైరం. 1988లో ఈ బ్రెజిల్ వీరుడు, ఈ ఫ్రెంచి వీరుడు మెక్‌లారెన్ అనే ఒకే జట్టులో ఉండి, 16 పందేలలో 15 గెలిచినారు. 1989లో జపానులోని సుజూకా బాటపై ఇద్దరి కార్లు ఢీకొన్నవి, ఛాంపియన్ పదవి ప్రాస్ట్‌కు దక్కినది. మరుసటి ఏడు అదే బాటపై మొదటి మలుపులోనే మళ్లీ ఢీకొన్నవి, ఈసారి పదవి సెనాకు దక్కినది. ప్రపంచమంతటా అభిమానులు రెండుగా చీలినారు. కాని 1993లో ప్రాస్ట్ తన చివరి పందెం ముగించిననాడు, విజేతయైన సెనా అతనిని చేయిపట్టి పై మెట్టుకు లాగుకొన్నాడు. 1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో సెనా మరణించినాడు. సావో పాలో నగరంలో అతని శవపేటికను మోసినవారిలో ప్రాస్ట్ ఒకడు. వైరం నిజంగా అనుభవించినవారు దానిని విడిచిపెట్టినారు. దూరాన కూర్చుండి చూచినవారిలో కొందరు మాత్రం దానిని చాలకాలం మోసినారు.

వయస్సు అభిమానిలో తెచ్చే మార్పుకు మూడు కారణాలు చెప్పవచ్చును. మొదటిది, తన జీవితం తనకు లభించుట. ఒక పని, ఒక కుటుంబం, కొన్ని సొంత గెలుపోటములు ఏర్పడిన పిమ్మట, అరువు విజయాల అవసరం తగ్గుతుంది.

రెండవది, కాలం చూపే అస్థిరత. జట్టు కూడ శాశ్వతం కాదని అభిమాని తెలుసుకొంటాడు. మెర్సిడెస్‌లో ఉండి ఫెరారీని ఏళ్ల తరబడి ఓడించిన హామిల్టన్ 2025లో ఆ ఫెరారీలోనే చేరినాడు. మైకేల్ షూమాకర్ గెలుపుల లెక్కను ఎవరూ దాటలేరనుకొన్నవారు 2020లో హామిల్టన్ దాటగా చూచినారు. నిన్నటి శత్రువు ఇంటివాడైనప్పుడు, ద్వేషానికి నిలుచుటకు చోటు ఉండదు.

మూడవది, విద్య. బాలుడు కారు రంగును చూస్తాడు, యువకుడు డ్రైవరు ముఖాన్ని చూస్తాడు, అనుభవం గలవాడు పందెాన్ని చూస్తాడు. హుస్సేన్‌సాగర్ తీరపు పోటీనే తీసుకొందాం. విద్యుత్తు కారులో బ్యాటరీ శక్తి పరిమితం. వేగం తగ్గించేటప్పుడు కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోకి రాబట్టవలెను. నిరంతరం పూర్తి వేగంతో పోయేవాడు గమ్యం చేరలేడు. ఆనాటి విజేత, ఫ్రాన్స్ దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్, వెనువెంటనే వస్తున్న న్యూజిలాండ్ దేశస్థుడు నిక్ కాసిడీని నిలువరిస్తూ, మిగిలిన శక్తిని పొదుపుగా వాడుకొని గెలిచినాడు. ఈ మర్మం తెలిసినవానికి వెర్న్ ఎంత గొప్పవాడో, అతనిని అంతగా శ్రమపెట్టిన కాసిడీ కూడ అంత గొప్పవాడని తోస్తుంది. ప్రత్యర్థి లేనిదే తన వీరుని ప్రతిభ బయటపడదని గ్రహించుటే అభిమానికి పెద్ద పాఠం.

అయితే వయస్సు తెచ్చేదంతా జ్ఞానమే అనుకొనరాదు. పదేళ్లకు, ముప్ఫైయేళ్లకు నడుమ జరిగిన సంగతులే మనిషికి తరువాతి కాలంలో ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తిపై పరిశోధించినవారు చెబుతారు. అందువలన వృద్ధుడైన అభిమాని ప్రత్యర్థితో రాజీపడినా, కొత్త తరంతో తగవు పెట్టుకొంటాడు. “ఆ రోజులే వేరు, ఇప్పటివాళ్లు ఏం నడుపుతారు?” అంటాడు. ఇదివరకు ఇద్దరు మనుషుల నడుమ గీసిన గీతను ఇప్పుడు రెండు కాలాల నడుమ గీస్తున్నాడు, అంతే. పక్షపాతం పోలేదు, చోటు మార్చుకొన్నది. కనుక యువకులు పెద్దల నుండి నేర్చుకోవలసినది ఎంత కలదో, పెద్దలు యువకుల కొత్త కళ్లనుండి నేర్చుకోవలసినదీ అంత కలదు.

ఉర్దూ కవిత్వం చదువుకొన్న మన విద్యార్థులకు ‘రఖీబ్’ అనే మాట సుపరిచితం. ప్రేమలో ప్రత్యర్థి అని దానికి అర్థం. గజల్ సంప్రదాయంలో అతడు సాధారణంగా నిందకు పాత్రుడు. కాని ఫైజ్ అహ్మద్ ఫైజ్ తన ‘రఖీబ్ సే’ అనే కవితలో ఆ ప్రత్యర్థిని పగతో కాక ఆత్మీయతతో పలుకరించినాడు. తాను ప్రేమించిన సౌందర్యాన్ని తనవలెనే ఎరిగినవాడు లోకంలో అతడొక్కడే గదా! హామిల్టన్ అభిమానికి, వెర్‌స్టాపెన్ అభిమానికి గల సంబంధం కూడ ఇట్టిదే. ఆదివారం రాత్రి నిద్ర మాని పందెం చూచేవారు ఆ గదిలో వారిద్దరే.

విద్యార్థి మిత్రులారా! మీ వీరుని విడిచిపెట్టుమని మేము చెప్పుట లేదు. పక్షం లేని యౌవనం ఉప్పు లేని కూర. అయితే సెనా, ప్రాస్ట్‌లకు స్నేహం నేర్పుటకు ఏళ్లు పట్టినవి, ఆ స్నేహానికి మిగిలిన కాలం ఆరు మాసాలైనా లేదు. వయస్సు ఎట్లయినా నేర్పబోయే పాఠాన్ని, పక్కనున్న మిత్రుడు పక్కనుండగానే నేర్చుకొనుట లాభం కాదా?