బ్యాంకినోట్లును గూటముద్రణమును

రాజశాసనమును దామ్రపట్టికలపైఁ జెక్కించి, వానిని గడియమునఁ గ్రుచ్చి, దానిపై రాజముద్ర వేయించుట మన దేశమునఁ బ్రాచీనమైన యాచారము. పటముమీఁదఁ గాని తామ్రపట్టముమీఁదఁ గాని వ్రాయించి రాజు తన ముద్రతో నంకితము చేయవలయునని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ఇంత జాగ్రత్త యున్నను గూటశాసనములు పుట్టకపోలేదు. కూటశాసనకర్తను వధింపవలసినదని మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమునఁ జెప్పుటయే యందులకు సాక్ష్యము. నేఁటికిని శాసనపరిశోధకులు లిపిని, దిథివారములను, ముద్రను బరీక్షించి నిజమైన శాసనమును గూటశాసనమునుండి వేఱుచేయుచున్నారు. ఇట్టి చిక్కే కాగితపు ద్రవ్యము విషయమునఁ బందొమ్మిదవ శతాబ్దారంభమున ఇంగ్లండు దేశమునఁ బ్రబలి వందలకొలఁది ప్రాణములను బలిగొన్నది. ఆ చరిత్రమును, దానినుండి నోటుముద్రాపకులు నేర్చిన పాఠమును సంగ్రహముగాఁ దెలుపుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇంగ్లండు బ్యాంకి 1694లో స్థాపింపఁబడెను. 1697 నాఁటికే దాని నోట్లకు నీటిగుర్తు గల కాగితము వాడుకలోనికి వచ్చెను. కాగితపు గుజ్జును ముంచి యెత్తు జల్లెడకుఁ దీఁగెలతో నక్షరములనో గీఁతలనో కుట్టి యుంచుదురు. తీఁగె యున్నచోటఁ గాగితము పలుచనగును. వెలుతురున కెత్తి చూచినపు డా గుర్తు కానవచ్చును. 1724 మొదలుకొని హాంప్‌షైరులోని లావర్‌స్టోకున హెన్రీ పోర్టలు కార్ఖానాలో నీ కాగితము తయారగుచు వచ్చెను. నోటులోని వాక్యములను రాగిరేకుపైఁ జెక్కి ముద్రించి, సంఖ్యను, దేదిని, సంతకమును గుమాస్తాలు చేతితో వ్రాయుచుండిరి. చిరకాలము ఇరువది పౌనులకుఁ దక్కువ నోటు లేకుండెను. కావున నోటు చేతఁ బట్టువారు వర్తకులును ధనికులును మాత్రమే. చదివి పరీక్షింప నేర్చినవారు. 1758లో రిచర్డు వాన్ అనునతఁడు దొంగనోట్లు చేయించిన నేరమున కుఱితీయఁబడెను గాని, యట్టి నేరము లప్పటి కరుదు.

1797లో స్థితి తలక్రిందయ్యెను. ఫ్రాన్సుతోడి యుద్ధమువలన బంగారము కొఱతపడఁగా, నోటుకు బదులు బంగార మిచ్చుట బ్యాంకివారు మానిరి. చిల్లరకై యొక పౌను, రెండు పౌనుల నోట్లు వెలువడెను. అప్పటినుండి నోటు కూలివానికిని, బండివానికిని, సంతలో నమ్ముకొను స్త్రీకిని జేరెను. వారిలోఁ బెక్కండ్రు నిరక్షరాస్యులు. ఆ నోటో, యొకవైపున మాత్రమే నల్లసిరాతో నచ్చువేసిన సాదా కాగితము. సామాన్యపుఁ జెక్కడపుపనివాఁడును దానికిఁ బ్రతి చేయఁగలఁడు.

ఇందొక సూక్ష్మము కలదు. రాగి మెత్తని లోహము. కొన్నివేల నోట్లు ముద్రించునప్పటికి రేకు అఱిగి గీఁతలు మాసిపోవును. మరల మరలఁ జెక్కవలసి వచ్చును. క్రొత్త రేకులు గావింపవలసి వచ్చును. ఒక చేతిపని మఱియొక చేతిపనివలె నుండదు. తాళపత్రగ్రంథములను బరిష్కరించువారి కీ సంగతి చెప్పనక్కఱలేదు: వ్రాయసకాండ్రు మాఱినకొలఁదిఁ బాఠభేదములు పెరుఁగును. ఇట్లు నిజమైన నోట్లే తమలోఁ దాము భేదించుచుండఁగా, దొంగనోటునందలి భేదము వానిలోఁ గలసిపోయెను. చూచువానికి "ఇది తప్పు" అని చెప్పుట కొక నిశ్చితమైన మాతృక లేకపోయెను.

బ్యాంకివారు మొదట శిక్షను నమ్ముకొనిరి. నీటిగుర్తులో నలలవంటి వంకరగీఁతలు గల కాగితము నితరులు చేయరాదని 1801లోఁ జట్ట మేర్పడెను. దొంగనోటును దెలిసి దగ్గఱ నుంచుకొన్నవానికిఁ బదునాలుగేండ్ల ద్వీపాంతరవాసము విధింపఁబడెను. నోటు చేసినవానికిని, దెలిసి చలామణి చేసినవానికిని మరణశిక్ష. 1797 మొదలు 1821 వఱకు నీ నేరమునకు మున్నూఱుమందికి మించి యుఱికంబ మెక్కిరి. వారిలోఁ జెక్కినవారు కొందఱే. ఒకటి రెండు నోట్లను మార్చి పట్టుపడిన పేదలు మెండు. దొంగనోటు బ్యాంకికి వచ్చినచో దానిపై ముద్రవేసి యుంచుకొనుటయే కాని తెచ్చినవానికి సొమ్మిచ్చుట లేదు. ఏది నిజమో యేది కల్లయో నిర్ణయించు రహస్యచిహ్నములు బ్యాంకిపరీక్షకులకు మాత్రమే తెలియును. ఆ చిహ్నము లెవ్వియో న్యాయస్థానమునఁ జెప్పుట కైనను వారంగీకరింపలేదు. తుదకు 1818లో లండనునందలి జ్యూరీలు, కారణము చెప్పని సాక్ష్యముపై మనుష్యునిఁ జంపింపఁజాలమని ముద్దాయిలను విడిచిపెట్టసాగిరి. నోటు మార్చిన నేరమునకు స్త్రీల నుఱితీయుట చూచి చలించిన జార్జి క్రూక్‌షాంకు అను చిత్రకారుఁడు 1819లో నొక పరిహాసపు నోటు గీసెను. అందు వరుసగా వ్రేలాడు శవములు. పౌనుగుర్తుకు మాఱుగా నుఱిత్రాడు. క్రింద సంతకము తలారిది. దానిని జూడ జనులు వీథి నిండఁ గూడిరి.

అంతటఁ బ్రభుత్వము కూటముద్రణనివారణోపాయములను విచారింప నొక సంఘమును నియమించెను. సర్ జోసెఫ్ బ్యాంక్సు దాని కధ్యక్షుఁడు. ఆపిల్‌గాతు, కౌపరు అనువారు రెండువైపులను గచ్చితముగా నొకదానిమీఁద నొకటి పడునట్లు రంగులతో ముద్రించు పద్ధతిని జూపిరి. సంఘము దాని నామోదించెను గాని, బ్యాంకి పనివాండ్రే దానిని బోలిన ప్రతిని జేసి చూపుటచేత నది విడువఁబడెను. 1821లో మరల బంగార మిచ్చుట మొదలు పెట్టి చిన్ననోట్లను వెనుకకుఁ దీసికొనుటతో నప్పటి కాపద గడచెను.

నిజమైన యుపాయ మమెరికానుండి వచ్చెను. మసచూసెట్సు దేశీయుఁడగు జాకబ్ పెర్కిన్సు 1819లో సహాయులతో నింగ్లండు చేరెను. అతని పద్ధతి యిది. మెత్తఁబఱచిన యుక్కుదిమ్మెపై నుత్తమశిల్పి యొకమాఱు చెక్కును. దానిని గాల్చి గట్టిపఱచి, దానిపై మెత్తని యుక్కురోలరును మిక్కిలి బరువుతో దొర్లింపఁగాఁ జెక్కడ మంతయు రోలరుపై నుబ్బెత్తుగా దిగును. రోలరును గూడ గట్టిపఱచి, దానితో నెన్ని రేకులపై నైనను నా బొమ్మ నొత్తవచ్చును. రేకు అఱిగినచో మరల రోలరు నొత్తుటయే కాని మరలఁ జెక్కుట లేదు. మొదటి నోటును లక్షవ నోటును నొక్కటియే. అతని సహచరుఁడు ఆసా స్పెన్సరు పండ్లచక్రములతో నడచు యంత్రమున, మెలికల ముగ్గువలెఁ దెగక యల్లుకొను సన్నని రేఖాచక్రములను గీయించెను. చేతితో వానిని యథాతథముగాఁ గీయుట దుస్సాధ్యము. ఇంగ్లండు బ్యాంకి యప్పుడు దీనిని గ్రహింపలేదు. ఇతర బ్యాంకులు కొన్ని గ్రహించెను. 1840లో వెలువడిన మొదటి తపాలాబిళ్ల యీ పద్ధతిచేతనే ముద్రింపఁబడెను.

ఏకరూపతయే రక్షణ మను సత్యమును బ్యాంకిలో నెలకొల్పినవాఁ డా బ్యాంకి వైద్యుఁడగు ఆల్‌ఫ్రెడు స్మీ. విద్యుత్ప్రవాహముచే మూసపైఁ దామ్రమును బేర్చు విద్యయం దతఁడు ప్రవీణుఁడు. మూలమైన యచ్చొకటి చేసి దానినుండి కావలసినన్ని యచ్చులను బుట్టించిన, నోట్లలో భేద మన్నది యుండదనియు, భేద మున్నదియే దొంగదనియు నతని వాదము. 1855నుండి బ్యాంకి నోట్లట్లే ముద్రితములయ్యెను. సంఖ్యల నచ్చువేయు బ్రామా యంత్రము 1809లోనే వచ్చియుండెను. 1853లో సంతకమును యంత్రమునకే విడువఁబడెను. మరణశిక్ష యిందులకు ముందే తొలఁగినది: 1832లోఁ జాలవఱకును, 1837లోఁ బూర్తిగను గూటలేఖన నేరములకు రద్దయ్యెను.

భేదబాహుళ్యమే కీడని యమెరికాయు ననుభవముచే నెఱిఁగెను. అచ్చట నంతర్యుద్ధకాలమునకు 1,600 బ్యాంకులు తమ తమ నోట్లను ముద్రించుచుండెను. నిజమైనవే 7,000 తెగలు. వాని నడుమ దొంగనోట్లు 4,000 తెగలని చెప్పుదురు. వానిని గుర్తించుటకే ప్రత్యేకపత్రికలు వెలువడెడివి. అంతలో ఛాయాచిత్రకళ వచ్చి చెక్కడపునేర్పుతో నవసరము లేకుండఁ జేసెను. నాఁటి ఛాయాచిత్రము నలుపు తెలుపులను మాత్రమే చూపును గాన రంగు వేసిన నోటు భద్రమని తలఁచిరి. దొంగలు మందులతో రంగును గడిగివేసి, మిగిలిన నల్లయచ్చునకు ఛాయాచిత్రము తీసికొనిరి. దానికిఁ బ్రతిక్రియగా, క్రోమియము భస్మముతోఁ జేసిన యాకుపచ్చసిరా కనిపెట్టఁబడెను. 1857లో జార్జి మాథ్యూసు దానికిఁ బేటెంటు పొందెను. నలుపు చెడకుండ నా పచ్చ పోదు. 1862నాఁటి యమెరికా ప్రభుత్వపు నోట్లకు "పచ్చవీపు" లను పేరు దానివలననే కలిగినది.

మన దేశమున 1861వ సంవత్సరపుఁ జట్టముచే నోటుముద్రణాధికారము ప్రభుత్వమునకుఁ జెందెను. విక్టోరియారాణి బొమ్మతోడి తొలినోట్లు లావర్‌స్టోకు కాగితముపైనే యచ్చయ్యెను. వంకరగీఁతల నీటిగుర్తు వానికిని గలదు. అయినను దొంగనోట్లు విస్తరింపఁగా వానిని దీసివేసి, 1867 మొదలు నేపథ్యమునఁ బచ్చయచ్చును, మెలికల రేఖాచక్రములును గల నోట్లను బ్రవేశపెట్టిరి. వలయమును బట్టి దేశభాషలలో మూల్యమును ముద్రించుచుండిరి. చదువరి తన లిపిలోఁ దాను బరీక్షించుకొనుట కిది తోడ్పడెను.

ఈ చరిత్రమును బరిశీలింప నొకటి విశద మగుచున్నది. గుర్తును దాఁచి, దానిని గానలేని వానిని శిక్షించినంతకాలము నేరము తగ్గలేదు. గుర్తు సర్వజనదృశ్యమై, మాతృక యొక్కటియై, యనుకరణము కష్టమైనపుడే నోటునకు రక్షణ కలిగినది. గ్రంథపరిష్కర్త శుద్ధప్రతికై చేయు శ్రమయు నిట్టిదే. కాని యచ్చటఁ బాఠము తప్పిన నర్థము చెడును. ఇచ్చటఁ, జదువురాని స్త్రీ యొకతె యొక పౌను నోటును మార్చి ప్రాణము గోల్పోయినది.