లోవైపున వేయు రంగు

ఒంగోలునకు తూర్పుగా సముద్రతీరమున కొత్తపట్నము కలదు. అట్టి తీరగ్రామములలో ఇసుకపై నిలిపిన ఫైబరు పడవలను చూచి, పడవ సిద్ధమైన పిదప వానికి రంగు పూసిరని తలంతుము. పాతబడినపుడు అట్లు పూయుటయు కలదు. కాని ఫైబరు పడవకు తొలిరంగు పుట్టుకతోనే వచ్చును. పడవ నచ్చువేయు మూసకు లోపల మైనము రుద్ది, దానిపై రంగు కలిపిన జెల్‌కోటు అను చిక్కని పూత పూయుదురు. ఆ పిదపనే గాజునార పఱచి, రెజినుతో తడిపి, పొరపై పొర వేయుదురు. మూసనుండి వెలికి తీయగా మొదటి పూతయే పడవ వెలుపలి నిగ్గగును. ముందు వేసినది పైకి కనబడును; తరువాత వేసినది దాని వెనుక దాగును.

రేడియో తరంగములతో నడచు బొమ్మకారునకు రంగు వేయుటయందును ఈ తలక్రిందు వరుసయే పాటింపవలెను. ఆ కారులో మోటారు, బ్యాటరీ, చక్రములు ఒక చట్రమున నుండును. దానిపై కప్పు డొప్ప వేఱు. పందెపు కార్లకు ఆ డొప్పను సాధారణముగా పాలీకార్బొనేటు అను ప్లాస్టికుతో చేయుదురు. ఈ ప్లాస్టికును 1953లో జర్మనీయందు హెర్మన్ ష్నెల్, అమెరికాయందు డేనియల్ ఫాక్స్ ఒకరి సంగతి ఒకరెఱుగకయే తయారుచేసిరి. దీని పలుచని రేకును వేడిచేసి, మూసపై పఱచి, క్రిందినుండి గాలిని లాగివేసినచో, రేకు మూసకు హత్తుకొని కారు రూపు దాల్చును. అది గాజువలె తేటగా నుండును గాని గాజువలె పగులదు.

పందెపు కారు పల్టీలు కొట్టును, గోడలకు తగులును, ఇసుకలో దొర్లును. రంగు వెలుపల నున్నచో త్వరలోనే గీచుకొనిపోవును. లోపల నున్నచో ప్లాస్టికే దానికి కవచమగును. రంగు సయితము డొప్పతోపాటు వంగునట్టిది కావలెను. పాలీకార్బొనేటు కొఱకై చేసిన రంగు నట్లు వంగును. తలుపులకు వేయు రంగు పెచ్చులై రాలును.

మొదట డొప్పను సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. వ్రేలిజిడ్డు మిగిలినచోట రంగు పట్టదు. తరువాత కిటికీల చోట లోవైపున టేపు అంటింపవలెను. అది చివరవఱకు ఉండును. తక్కిన భాగమునంతయు టేపుతో కప్పి, కోరిన చిత్రము గీచి, బ్లేడుతో ఆ గీతల వెంబడి కోయుదురు. టేపు మాత్రమే తెగవలెను. బ్లేడు ప్లాస్టికులోనికి దిగినచో, తరువాత ఏ దెబ్బకో డొప్ప సరిగా ఆ గీత వెంబడియే చీలును.

నలుపు, ఎరుపు, పసుపు అను మూడు రంగులు కావలెననుకొందము. లారీకి వెలుపల రంగు వేయువాడు లేతరంగు ముందు వేసి, దానిపై ముదురు గీతలు దిద్దును. ఇచ్చట నట్లు కాదు. నల్లని భాగపు టేపు తీసి ముందు నలుపు చల్లవలెను. అది ఆరిన పిదప ఎఱ్ఱని భాగపు టేపు తీసి ఎరుపు చల్లవలెను. ఎరుపు కొంత నలుపు వెనుకకును చేరును. చేరినను నలుపు నలుపుగానే యుండును. పసుపు చివరిది. పసుపు ముందు వేసి, దాని వెనుక నలుపు పడనిచ్చినచో, పలుచని పసుపుగుండ నలుపు తొంగిచూచి మురికివలె కనబడును. అన్నిటికి వెనుక తెలుపు వేసినచో లేతరంగులు ప్రకాశించును. నన్నడిగినచో, అంచులు చెదరిన అయిదు రంగులకన్న అంచు తీరిన రెండు రంగులే మేలు.

అంచు చెదరుటకు ముఖ్యకారణము తొందర. డబ్బాను జానెడు దూరమునకు మించి పట్టి, చేయి నిలుపక కదలించుచు, మంచుపొరవలె పలుచగా చల్లవలెను. ఆరనిచ్చి మరల చల్లవలెను. ఒక్కసారిగా దట్టముగా చల్లినచో రంగు కారి టేపు క్రిందికి పాకును. టేపు అంచులను ముందే గోటితో గట్టిగా నొత్తుట మఱవరాదు.

కొత్తపట్నమువంటి తీరమున మఱియొక చిక్కు కలదు. రంగులోని ద్రావకము త్వరగా ఆవిరియగుచు డొప్పను చల్లబఱచును. మట్టికుండలో నీరు చల్లబడుటయు ఇట్లే కదా! గాలిలో తేమ అధికముగా నున్నచో, ఆ చల్లదనమునకు చెమ్మ రంగుపై చేరి దానిని పాలిపోవజేయును. కావున మబ్బుపట్టిన దినమున, తెల్లవారుజామున ఈ పని పెట్టుకొనరాదు. పొద్దెక్కి తేమ తగ్గిన పిదప, ఇసుక ఎగురని మఱుగున, గాలియాడుచోట, పెద్దల సమక్షమున చేయవలెను. రంగుతుంపర ఊపిరితిత్తులకు హాని చేయును. తగిన ముసుగు ధరింపవలెను. డబ్బాలోని వాయువు సులభముగా మండునది. పొయ్యి దరికి దానిని చేర్చరాదు. ఎండలో విడిచిన డబ్బా ప్రేలవచ్చును.

డొప్పపై అంకె వేయవలెనను ముచ్చట కొందఱకుండును. లోపల వ్రాయునది వెలుపల తిరగబడి కనబడును. 8 ఎట్లు వ్రాసినను 8 గానే యుండును గాని, 25 అట్లు కాదు; దానిని అద్దములో కనబడు రీతిని వ్రాయవలెను. ఊరిపేరు వ్రాయదలచినవాడు ముందు కాగితముపై వ్రాసి, త్రిప్పి, వెలుతురునకు పట్టి చూచుకొనుట మంచిది.

ఇంతవఱకు వెలుపలినుండి చూచువానికి అందమేమియు తెలియదు. డొప్పపై పలుచని రక్షణపొర ఒకటి అంటియుండుటయే అందుకు కారణము. పొరపాటున వెలుపల పడిన రంగంతయు దానిపైననే నిలుచును. అన్ని రంగులును ఆరిన పిదప లోపలి కిటికీటేపులు తీసి, డొప్పను త్రిప్పి, ఆ పొరను ఒక మూలనుండి మెల్లగా లాగవలెను. మొట్టమొదట చల్లిన నలుపు అప్పుడు నిగనిగలాడుచు ముందుకు వచ్చును.