రెసిడెన్సీ మెట్ల మీద సింహాలు

చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి బస్సెక్కి మెహిదీపట్నంలో దిగి, అక్కణ్నుంచి కోఠి చేరితే... మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఎత్తయిన స్తంభాల భవనం కనిపిస్తుంది. మెట్లకు చెరోపక్కా ఓ సింహం. పైన త్రికోణపు ముఖభాగంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం. అందం కోసం పెట్టిన బొమ్మలు కావవి. ‘ఇక్కడ మా మాటే చెల్లుతుంది’ అని నోరు విప్పకుండా చెప్పడానికి!

19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ దీన్ని కట్టించాడు. నమూనా లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్‌ది. ఖర్చు మాత్రం నిజాముదే! స్థలం నక్షాను పెద్ద కాగితం మీద చూపిస్తే నిజాం కాదన్నాడనీ, అదే చిన్న కార్డు మీద గీసిస్తే సరేనన్నాడనీ ఓ కథ.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల వెంట జనం దండెత్తింది ఈ రెసిడెన్సీ మీదకే. 1874లో కంపెనీయే రద్దయింది. 1880ల్లో రాజా దీన్‌దయాళ్ ఈ భవనాన్ని ఫొటోలు తీశాడు. అంటే ఆయన కెమెరా ముందుకు వచ్చేసరికే ఆ చిహ్నానికి యజమాని లేడన్నమాట!

1949లో మహిళా కళాశాల ఇక్కడికి వచ్చింది. శిథిలమవుతున్న భవనాన్ని 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఏళ్లపాటు సాగిన మరమ్మతుల తర్వాత 2023లో అది మళ్లీ తెరుచుకుంది. 2024లో విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. భూమి కోసం దొరను ఎదిరించిన ఐలమ్మ పేరున్న చోట, ఇప్పుడు కంపెనీ సింహాలది కాపలా పనే!