చెంబు నేర్పు పాఠము

గణితము నభ్యసించు విద్యార్థికి తన లెక్క సరియైనదో కాదో తెలిసికొనుటకు పుస్తకము చివరి పుటలు చాలును. డిజైను, అనగా వస్తువుల రూపకల్పన, నేర్చుకొనువానికి అట్టి సదుపాయము లేదు. ఒక కుర్చీకి నూరు సరియైన రూపము లుండవచ్చును. రాత్రి యంతయు మేలుకొని గీసిన చిత్రమును మరునాడు గోడకు తగిలించి, గురువుల యెదుటను తోటివారి యెదుటను అతడు నిలువవలెను. వారు కుర్చీని విమర్శింతురు. అతడు తన్నే విమర్శించిరని తలచును. ప్రక్క గోడమీది పని తన పనికంటె మేలుగా కన్పట్టును. "నేనీ విద్యకు తగుదునా?" అను సంశయము అప్పుడే మొలకెత్తును. ఈ సంశయముచేతనే చదువు మానదలచువారు కలరు. కావున దీనిని అల్పవిషయమని త్రోసివేయరాదు.

సందేహము అసమర్థతకు గుర్తు కాదు. 1978లో పాలిన్ క్లాన్స్, సుజేన్ ఐమ్స్ అను అమెరికను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక విశేషమును వర్ణించిరి. ఘనవిజయములు సాధించిన స్త్రీలు సైతము తాము వానికి అర్హులము కామనియు, ఏనాడో తమ గుట్టు బయటపడుననియు లోలోన భయపడుచుండిరట!

మరి ఆత్మవిశ్వాసము ఎట్లు కలుగును? 1977లో ఆల్బర్ట్ బండూరా అను శాస్త్రజ్ఞుడు దానికి నాలుగు మూలములను చూపెను. స్వయముగా పనిని సాధించిన అనుభవము మొదటిది. తనవంటివారు సాధించుట చూచుట రెండవది. పరుల ప్రోత్సాహము మూడవది. గుండెదడవంటి దేహస్థితులను తాను అర్థము చేసికొను తీరు నాలుగవది. వీనిలో మొదటిదే బలవత్తరము. ధైర్యము వచ్చిన పిమ్మట పని మొదలిడుదమని కూర్చుండుట తలక్రిందులైన ఆలోచన. చిన్న పని నొకదానిని ముగించినచో ధైర్యము దాని వెంట వచ్చును.

ఇంగ్లండు దేశీయుడైన జేమ్స్ డైసన్ సంచి లేని దుమ్ము పీల్చు యంత్రమునకై 5,127 నమూనాలు చేసెను. చివరిదే అతనికి తృప్తి నిచ్చినది. తక్కిన 5,126 వ్యర్థములా? కావు. ఒక్కొక్కటి తరువాతిదానికి మెట్టయినది.

1958లో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వమునకొక నివేదిక సమర్పించిరి. దాని ననుసరించియే 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలసెను. 2015 నుండి ఆంధ్రప్రదేశములోను అట్టి సంస్థ నడచుచున్నది. ఆ నివేదికలో వారు మిక్కిలి మెచ్చిన వస్తువు మన యింటి చెంబు! ఎంత నీరు పట్టవలెను, చేతిలో ఎట్లు ఇముడవలెను, చంకను మోయునప్పుడు బరువు ఎటు ఒరగును అను ప్రశ్న లన్నిటికి అందు సమాధాన మున్నది. అయినను దానిని ఏ ఒక్కడును రూపొందింపలేదనియు, తరతరముల జనులు కొంచెము కొంచెముగ దిద్దిరనియు వారు గుర్తించిరి.

తరములు దిద్దిన పనిని ఒక్క రాత్రిలో సాధింపలేదని విద్యార్థి కుములుట న్యాయమా? అతడు మొదటి చిత్తును చించక తేదీ వేసి దాచవలెను. ఒక్క రూపముతో గాక మూడింటితో గురువు కడకు పోవలెను. "బాగున్నదా?" అని గాక, "ఎచ్చట పట్టు తప్పినది?" అని అడుగవలెను. ఆరు మాసముల పిమ్మట ఆ పాత చిత్తులను తిరుగవేసినచో, తన యెదుగుదలకు సాక్ష్యము తన చేతివ్రాతలోనే కనబడును. పరుల మెప్పు కలిగింపలేని నమ్మకమును ఆ కాగితములు కలిగించును.