మందు కొట్టినా పురుగు ఎందుకు బతికే ఉంటుంది?
కీటక వృద్ధి నియంత్రకాల పనితీరు, వాడకంలో జాగ్రత్తలు

వరిలో సుడిదోమకు మందు కొట్టిన మర్నాడు దుబ్బు తట్టి చూస్తే దోమలు కదులుతూనే కనిపించవచ్చు. మందు పనిచేయలేదని భావించి వెంటనే మరో మందు పిచికారీ చేసే రైతులు ఉన్నారు. వాడినది కీటక వృద్ధి నియంత్రకమైతే ఆ రెండో ఖర్చు వృథా కావచ్చు. ఈ తరగతి మందులు నాడీ వ్యవస్థను దెబ్బతీయవు. పురుగు ఎదుగుదలను అడ్డుకుంటాయి.

రెండు మార్గాలు

పురుగుకు ఎముకలు ఉండవు. ఖైటిన్ అనే పదార్థంతో కూడిన పైపొరే దాని అస్థిపంజరం. ఆ పొర పెద్దగా సాగదు కనుక పురుగు పెరిగేకొద్దీ కుబుసం విడవాలి. బుప్రోఫెజిన్, డైఫ్లూబెంజురాన్ వంటివి ఖైటిన్ తయారీని నిరోధిస్తాయి. కొత్త పొర సరిగా ఏర్పడక, కుబుసం విడిచే సమయంలో పురుగు మరణిస్తుంది.

పైరిప్రాక్సిఫెన్, మెథోప్రీన్ మరో విధంగా పనిచేస్తాయి. పురుగును బాల్యదశలో ఉంచే జువెనైల్ హార్మోన్‌ను ఇవి అనుకరిస్తాయి. దీంతో అది రెక్కల దశకు చేరలేదు.

ఈ రెండో మార్గానికి తొలి ఆధారాలలో ఒకటి 1960లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అనుకోకుండా లభించింది. ప్రేగ్ నుంచి కారెల్ స్లామా తెచ్చిన కీటకాలు అక్కడ ప్రౌఢ దశకు చేరకుండానే చనిపోయాయి. పెంపకపు పాత్రల్లో ఉంచిన అమెరికా కాగితపు తువాళ్లే కారణమని ఆయన, క్యారల్ విలియమ్స్ గుర్తించారు. ఆ కాగితానికి వాడిన బాల్సమ్ ఫిర్ కలపలో ఆ హార్మోన్‌ను పోలిన పదార్థం ఉంది.

అదనే కీలకం

బుప్రోఫెజిన్ ప్రధానంగా పిల్ల పురుగులపై పనిచేస్తుంది. రెక్కల దోమలను నేరుగా చంపదు, వాటి సంతానోత్పత్తిని తగ్గిస్తుంది. అందువల్ల పిల్ల పురుగుల దశలోనే, దోమ ఉండే దుబ్బుల మొదళ్లు తడిసేలా పిచికారీ చేయాలి. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది.

డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమల నివారణకు నీటి తొట్లలో పైరిప్రాక్సిఫెన్ వాడినప్పుడూ ఇంతే. లార్వాలు ఈదుతూనే ఉంటాయి కానీ, రెక్కల దోమలు బయటకు రావు. తాగునీటి పాత్రల్లో దీని మోతాదు లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

పరిమితులు

మనుషులు, పశువుల శరీరంలో ఖైటిన్ పైపొర లేదు. రొయ్యలు, పీతలకు ఉంది. పట్టుపురుగూ కీటకమే. అందువల్ల చెరువులు, మల్బరీ తోటల సమీపంలో ఈ మందులతో జాగ్రత్త అవసరం. ఒకే మందును పదేపదే వాడితే పురుగు తట్టుకునే శక్తిని పెంచుకుంటుంది. మందులు మార్చవలసిందే, కానీ మొదటిది పనిచేసే వ్యవధి ముగిశాకే.