రొయ్య తలలకు కొత్త గిరాకీ: తూకం కన్న పరీక్షే ముఖ్యం
(మా వాణిజ్య విలేఖరి)

సికిందరాబాదు: చేపపొడి, నూనెలు నిలవలో ముక్కిపోకుండా దాణా మిల్లులు కలిపే యాంటీ ఆక్సిడెంట్ మందులకు బదులు సరకు రొయ్య తలల నుంచే తీయవచ్చును. అయితే ఇందులో దిగదలచిన వర్తకులు కొన్ని జాగ్రత్తలు పాటించక తప్పదు.

చేపపొడికి ఎథాక్సిక్విన్ కలపడం చిరకాల రివాజు. 2012లో జపాన్ మన రొయ్యలలో దీని అవశేషాలకు 0.01 పి.పి.ఎం. పరిమితి పెట్టి తనిఖీలు చేయగా ఎగుమతిదారులు చిక్కుల్లో పడ్డారు. 2014లో పరిమితిని 0.2కు సడలించారు. 2017లో ఐరోపా సమాఖ్య దాణాలో ఈ మందుకు అనుమతినే నిలిపివేసింది. సహజ సరకు కోసం వాకబు పెరగడానికి ఇదొక కారణం.

రొయ్య బరువులో తల, తొక్క కలిసి 40 నుంచి 50 శాతం. భీమవరం, కాకినాడ, విశాఖ ప్రాంతాల ప్లాంట్లలో ఇది గుట్టలుగా మిగులుతుంది. కైటిన్ తయారీలో ఆమ్లంతో ఖనిజాలను, కాస్టిక్ సోడాతో మాంసకృత్తులను తొలగిస్తారు. ఆ మాంసకృత్తులు కాస్టిక్ నీటితో కాలవ పాలవుతాయి.

ఎంజైము పద్ధతిలో వాటిని దక్కించుకోవచ్చును. తలలను రుబ్బి, నీరు చేర్చి, ఆల్కలేజ్ వంటి ఎంజైముతో 50-60 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. బొప్పాయి పాల నుంచి వచ్చే పపైన్ కూడా పనికివస్తుంది. మాంసకృత్తు చిన్న పెప్టైడ్ ముక్కలుగా తెగుతుంది. తరువాత వేడి పెంచి ఎంజైమును ఆపి, వడగట్టి, ఆరబెట్టి పొడి చేస్తారు. తొక్క కైటిన్‌కు మిగులుతుంది. రొయ్య వ్యర్థాలను పులియబెట్టి తీసిన ద్రవంలోనూ ఈ గుణం ఉన్నదని మైసూరు ఆహార పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారు.

చిక్కులు లేకపోలేదు. తలలు గంటలలోనే కుళ్లుతాయి గనుక ఐసు ఖర్చు మొదటి పద్దు. ఆరబెట్టే ఖర్చు రెండవది. పొడి తేమను పీల్చి వర్షాకాలంలో గడ్డకడుతుంది. మనుషుల ఆహారంలో వాడితే, రొయ్య పడనివారి కోసం ఆ సంగతి లేబులుపై చెప్పాలి. అందుచేత మొదటి గిరాకీని దాణా మిల్లులలోనే వెతకడం మేలు.

రెండు బస్తాల తూకం ఒకటే అయినా గుణం ఒకటి కాకపోవచ్చును. డి.పి.పి.హెచ్. పరీక్షలో ఊదా రంగు ఎంత వెలిస్తే సరకు అంత గట్టిది. కనుక ప్రతి లాటుకు పరీక్ష కాగితం, తేమ శాతం, ఉప్పు శాతం చూసిన మీదటే దళారీలు బేరం ఖాయం చేయడం, అడ్వాన్సు చెల్లించడం క్షేమం.