మక్కలకు బదులు మామిడి తొక్క.. తూకం చూసి పెట్టండి

న్యాల్‌కల్ మండలంలో బక్రీద్ బేరానికి పొట్టేళ్లను సాకే రైతులకు దాణా ఖర్చే పెద్ద భారం. జొన్నలు పెడదామంటే ఇంట్లో రొట్టెకు కావాలి. మక్కలు కొందామంటే కోళ్ల దాణా వాళ్లతో పోటీ. 2017లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీపై యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. జీవాలు పెరిగాయి గానీ బీళ్లు పెరగలేదు. నిమ్జ్ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో భూములు సేకరించాక మంద తిరిగే జాగా గురించి ఇక్కడి కురుమలకు వేరే చెప్పనక్కర్లేదు.

మరి పండ్ల రసం తీయగా మిగిలే తొక్క, పిప్పి గింజకు బదులు పెట్టొచ్చా? పెట్టొచ్చు. ఇది కొత్త సంగతేం కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో, బ్రెజిల్‌లో నారింజ పిప్పికి సున్నం కలిపి, పిండి, ఎండబెట్టి పశువుల దాణాగా అమ్ముతారు. బెంగళూరులోని జాతీయ పశుపోషణ సంస్థ అనాస వ్యర్థాలతో పాతర మేత చేసి చూపింది. మన రాష్ట్రాల్లో చూస్తే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్న చిత్తూరు జిల్లాలో సీజన్‌లో తోతాపురి తొక్క, టెంకలు గుట్టలుగా పడతాయి. అలాగని అక్కడి నుంచి లారీ తెప్పించుకుందామనుకోకండి.

ఐదు కిలోల్లో నాలుగు కిలోలు నీళ్లే

పచ్చి తొక్కలో దాదాపు 80 శాతం నీరే. మక్కలు, జొన్నల్లో నీరు పదో వంతే. అంటే పావు కిలో మక్కలు తగ్గిస్తే కిలోకు పైగా పచ్చి తొక్క పెడితే గాని సరితూగదు. లారీ కిరాయి నీళ్లకే పోతుంది. కాబట్టి జహీరాబాద్, బీదర్‌లలో పండ్ల రసం దుకాణాల దగ్గర దొరికేదే మనకు గిట్టుబాటు. తెచ్చిన రోజే పాలిథిన్ కవర్లు, స్ట్రాలు ఏరెయ్యండి. అవి కడుపులో చిక్కుకుంటే ఏ మందూ పనిచేయదు.

ఇంకో మాట. తొక్కలో ఉండేది తీపి, అంటే శక్తి. మాంసకృత్తులు గింజలో కంటే తక్కువ. మక్కలు మొత్తం మానేసి తొక్క మీదే వదిలేస్తే పొట్ట నిండుతుంది, బరువు రాదు. కంది పండే ప్రాంతం మనది. కంది చున్ని గాని, కొద్దిగా వేరుశనగ చెక్క గాని కలపండి. ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు మరవొద్దు.

ఒక్కసారే పోస్తే పులుస్తుంది

తీపి ఎక్కువైతే కడుపులో మేత పులిసి ఆమ్లం పెరుగుతుంది. జీవం నెమరు ఆపేస్తుంది, పుల్లటి వాసనతో పలచగా పారుకుంటుంది, మందకొడిగా పడుకుంటుంది. ఆలస్యమైతే చనిపోతుంది. అందుకే మొదట గుప్పెడుతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచుకుంటూ పోవాలి. ముందు చొప్ప మేపి, తర్వాతే తొక్క పెట్టాలి. దాణాలో గింజ మూడో వంతు తగ్గించి, పది రోజులు తూకం చూశాకే ఇంకా తగ్గించే ఆలోచన చేయండి. లక్షణాలు కనబడితే తొక్క ఆపేసి వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. వంటసోడా ఎంత పట్టాలో ఆయన్నే అడగండి.

టెంకలోని జీడి సంగతి వేరు. అందులో పిండి, కొవ్వు బాగానే ఉన్నా వగరు ఎక్కువ. ఉడికించి, నీళ్లు పారబోసి, ఎండబెట్టి, దాణాలో పదో వంతుకు మించకుండా వాడాలి. బూజు పట్టిందంటే పారెయ్యాల్సిందే. 2001లో ఒడిశాలోని కాశీపూర్‌లో మామిడి జీడి అంబలి తాగి పలువురు చనిపోయారు. అవి ఆకలి చావులా, బూజు విషమా అని చాలాకాలం వాదులాడుకున్నారు. మనుషులకే అంత ముప్పయితే జీవాలకు వేరేనా?

వేసవికి దాచడం

తొక్క దండిగా వచ్చేది మే, జూన్, జూలైలలో. వాన పడితే పచ్చిగడ్డి ఎలాగూ ఉంటుంది. మేత కరువు మళ్లీ ఫిబ్రవరి నుంచి. అందుకని పాతరేసుకోవడమే మేలు. నాలుగు కిలోల తొక్కకు కిలో తరిగిన జొన్న చొప్ప కలిపితే తడి సరిపోతుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో పొరలు పొరలుగా వేసి, గాలి మిగలకుండా తొక్కి, మూత బిగించి పైన బరువు పెట్టండి. నెలన్నర తర్వాత తీసి వాసన చూడండి. ఊరగాయలా పుల్లగా ఉంటే బాగున్నట్టు. కుళ్లు వాసన వస్తే, నల్లగా మారితే ఎరువు కుప్పలో వేయండి. తెరిచాక రోజుకు కావలసినంతే తీసి మళ్లీ మూత బిగించాలి.